మన సినిమాల్లో షేక్‌స్పియర్‌ను గుర్తుపట్టడం ఎలా?

కాలేజీ గేటు దగ్గర కాపుకాసి ఆడపిల్లలను వేధించే ఆకతాయిని హైదరాబాద్ పత్రికలు ‘రోడ్డు రోమియో’ అంటాయి. నూటికి పది రూపాయల వడ్డీ గుంజేవాడిని షైలాక్ అంటాం. నమ్మిన అనుచరుడు ఎదుటి పార్టీలో తేలితే ‘నువ్వు కూడానా బ్రూటస్’ అని నాయకుడు వాపోతాడు. ఈ మూడు పేర్లనూ మన నోటికి అలవాటు చేసినవాడు ఒకే నాటకకర్త. ఆయన 1564లో ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టి, 1616లో అదే ఊళ్లో కన్నుమూశాడు. ఆయన పేర చెలామణీలో ఉన్న నాటకాలు సుమారు 37. ఈ పేర్లు వాడేవారిలో చాలామంది ఆ నాటకాల ముఖం చూసి ఉండరు. చూసి ఉంటే రోమియో పేరును ఆకతాయిలకు అంటగట్టేవారు కాదేమో! నాటకంలోని రోమియో ఎవరి వెంటా పడే రకం కాదు. జూలియెట్‌ను చూడకముందు, రోజలిన్ అనే అమ్మాయి కాదన్నదని కిటికీలు మూసుకుని, పట్టపగలే గదిని చీకటి చేసుకుని కుమిలిపోయే రకం.

మాటల్లో ఇంత తేలికగా దొరికే షేక్‌స్పియర్ సినిమాల్లో అంత తేలికగా దొరకడు. ప్రేమకథలో రెండు కుటుంబాలు కొట్టుకుంటే రోమియో జూలియెట్ అని, కొడుకు తండ్రి చావుకు పగ తీర్చుకుంటే హామ్లెట్ అని చప్పున అనేస్తుంటారు. మేము కొందరం మిత్రులం నెలకొక ఆదివారం కూర్చుని, ఒక నాటకాన్నీ దాని నుంచి పుట్టిందని చెప్పుకునే సినిమానూ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తుంటాం. మొదట్లో మేమూ అలాగే తొందరపడి, తరువాత నాలుక కరుచుకున్నాం. ఆ తప్పుల నుంచి నేర్చుకున్న పద్ధతి ఇది. ఇలాంటి చిన్న బృందాన్ని సొంతంగా నడుపుకోవాలనుకునేవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు మూలం చేతిలో ఉండాలి

ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో ‘నాన్ డిటెయిల్డ్’ పేరుతో మనం చదివింది చాలావరకు షేక్‌స్పియర్ కాదు. మేరీ ల్యాంబ్, చార్లెస్ ల్యాంబ్ అనే అక్కాతమ్ముళ్లు 1807లో పిల్లల కోసం వచనంలో కుదించిన కథలు అవి. వాటిలో 20 నాటకాల కథలు ఉన్నాయి. కథ తెలుసుకోవడానికి అవి చాలు కానీ, మన పనికి చాలవు. విదూషకుల వెటకారాలు, ఉపకథలు, పాత్రల మాటల్లోని వంకరలు ఆ కుదింపులో చాలావరకు జారిపోయాయి. సినిమాలు ఎక్కువగా పట్టుకునేది మాత్రం సరిగ్గా వాటినే.

మూలం సంపాదించడం కష్టం కాదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, కాలేజీ పిల్లలు పరీక్షలు కాగానే వదిలించుకున్న ‘మాక్బెత్’, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ ప్రతులు దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. అంచుల్లో పెన్సిలుతో అర్థాలు రాసి ఉన్న ప్రతి దొరికితే వదలకండి. ముందు చదివినవారు ఎక్కడ తడబడ్డారో ఆ రాతలే చెబుతాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ వెతకవచ్చు. అమెరికాలోని ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయం నాటకాల పాఠాలన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది కనుక, ఫోన్ ఉంటే పుస్తకం లేకపోయినా పని ఆగదు.

మొదటి సమావేశానికి ‘హామ్లెట్’ పెట్టుకోవద్దని నా సలహా. అది దాదాపు 4,000 పంక్తుల నాటకం, అన్నిటిలోకీ పెద్దది. అందరికంటే చిన్నది ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’, సుమారు 1,800 పంక్తులు. విషాద నాటకాల్లో చిన్నదైన ‘మాక్బెత్’ 2,100 పంక్తుల దగ్గర ఆగుతుంది. ఈ రెండూ రచయిత బతికుండగా అచ్చు కాలేదు. ఆయన పోయిన ఏడేళ్లకు, తోటి నటులైన జాన్ హెమింజెస్, హెన్రీ కాండెల్ 36 నాటకాలను పోగుచేసి 1623లో పెద్ద సంపుటంగా అచ్చువేయించారు. వాటిలో 18 అంతకుముందు అచ్చు మొహం చూడనివే. ఆ ఇద్దరు నటులు ఆ శ్రమ పడకపోయి ఉంటే, ఈ రోజు మనకు వాటి నుంచి పుట్టిన హిందీ సినిమాలు ‘అంగూర్’ లేదు, ‘మక్బూల్’ లేదు.

కథను వదిలి ముడిని పట్టుకోవాలి

ఈ పద్ధతికంతటికీ ఇదే కీలకం కనుక కొంచెం విస్తారంగా చెబుతాను. కథల్లో పోలిక సాక్ష్యం కాదు, ఎందుకంటే షేక్‌స్పియర్ స్వయంగా కల్పించిన కథలు చాలా తక్కువ. హామ్లెట్ కథ డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ రాతల్లో అంతకు శతాబ్దాల ముందే ఉంది. రోమియో జూలియెట్‌ల కథ ఇటలీలో పుట్టి, ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన దీర్ఘకావ్యం ద్వారా ఇంగ్లిషులోకి వచ్చింది. కవలల తికమక రోమన్ నాటకకర్త ప్లాటస్‌ది. అందువల్ల ‘ఎవరి కథ ఇది’ అని అడిగితే దారి తప్పుతాం. ఆ పాత కథకు షేక్‌స్పియర్ తన చేత్తో వేసిన ముడి ఏది, ఆ ముడి ఈ సినిమాలో ఉందా అని అడగాలి.

కవలల విషయమే చూద్దాం. 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’లో ఎన్.టి. రామారావు రెండు పాత్రల్లో కనిపిస్తారు, ఒకరి స్థానంలోకి ఒకరు వస్తారు, ఇంటిల్లిపాదీ అయోమయంలో పడతారు. దీన్ని ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ అనేవారున్నారు. ప్లాటస్ నాటకంలో ఉన్నది ఒక్క కవలల జంట. షేక్‌స్పియర్ వారికి తోడుగా మరో కవలల జంటను, అదీ నౌకర్లుగా, చేర్చాడు. అన్నదమ్ములు ఒకే ఊళ్లో ఉన్నారని వారికే తెలియకుండా, మొత్తం గందరగోళాన్ని ఒక్క పగటిలో ఇరికించాడు. ఆ రెండో జంటే ఆయన వేలిముద్ర. గుల్జార్ 1982లో తీసిన ‘అంగూర్’లో సంజీవ్ కుమార్ ఇద్దరు అశోక్‌లుగా, దేవేన్ వర్మ ఇద్దరు బహదూర్‌లుగా కనిపిస్తారు. రెండు జంటలూ ఉన్నాయి, ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడమూ ఉంది. కాబట్టి అది నిస్సందేహంగా షేక్‌స్పియర్ సంతానం. ‘రాముడు భీముడు’లో ఉన్నది ఒక్క జంటే, పైగా దాని బలమంతా పిరికి అన్నకూ తెగువగల తమ్ముడికీ ఉన్న తేడాలో ఉంది. అది వేరే వంశం. ఈ తేడా చెప్పినప్పుడు మా బృందంలో ఒక పెద్దాయన ‘అయితే ఆ సినిమాకు ఒక మార్కు తగ్గించాలా?’ అని అడిగారు. తగ్గించనక్కర్లేదు. షేక్‌స్పియర్‌కు చుట్టం కాకపోవడం సినిమాకు లోపం కాదు కదా!

రోమియో జూలియెట్‌ల సంగతీ ఇంతే. బ్రూక్ కావ్యంలో నెలల తరబడి సాగే ప్రేమను షేక్‌స్పియర్ ఐదు రోజుల్లోపు కుదించాడు. ఆదివారం చూపులు కలుస్తాయి, గురువారం తెల్లవారేసరికి ఇద్దరూ శవాలు. ఆ తొందరే అసలు విషాదం. దానికి తోడు మరో ముడి, చేరాల్సిన కబురు చేరకపోవడం. 1957లో న్యూయార్క్ రంగస్థలం మీదికి వచ్చి, 1961లో సినిమాగా మారిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో సామంత కుటుంబాలు పోయి వీధి ముఠాలు వచ్చాయి, మేడవరండా పోయి అత్యవసర ఇనుప మెట్లు వచ్చాయి, మత్తుమందూ పోయింది. అయినా కబురు దారితప్పడం మాత్రం ఉంది. కబురు తీసుకువెళ్లిన అనితను ముఠా కుర్రాళ్లు అవమానిస్తే, ఆమె కోపంలో మరియా చనిపోయిందని అబద్ధం చెబుతుంది. ముడి ఉంది కాబట్టి కథ ఎంత మారినా వంశం మారలేదు. మన ‘మరోచరిత్ర’ను ఇదే గీటురాయి మీద గీసి చూడండి. 1978 నాటి ఆ సినిమాలో ప్రేమికులను ఏడాదిపాటు విడిగా ఉండమని పెద్దలు షరతు పెడతారు. తొందర బదులు నిరీక్షణ, వంశవైరం బదులు భాషల మధ్య గోడ. ముగింపులో చావు ఉన్నంత మాత్రాన రోమియో జూలియెట్ అనడం న్యాయం కాదు.

పగ సినిమాల విషయం ఇంకా తేలిక. తండ్రిని చంపినవాడి మీద కొడుకు కక్ష తీర్చుకునే తెలుగు సినిమాలు లెక్కకు మిక్కిలి. హామ్లెట్ ముడి పగలో లేదు, సందేహంలో ఉంది. తండ్రి ప్రేతం చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి అతను పినతండ్రి ఎదుట నాటకం ఆడించి ముఖకవళికలు గమనిస్తాడు, తేలాక కూడా తటపటాయిస్తాడు. మన ఫ్యాక్షన్ సినిమా కథానాయకుడికి సందేహం ఉండదు, టాటా సుమో ఉంటుంది.

చేతిలో వస్తువు ఉంటే వెంబడించండి

‘ఒథెల్లో’ను పట్టుకోవడానికి అన్నిటికంటే సులువైన దారి చేతిరుమాలు. భర్త ఇచ్చిన కానుక పోతుంది, అది పరాయివాడి దగ్గర తేలుతుంది, అనుమానానికి అదే రుజువైపోతుంది. 1997లో జయరాజ్ మలయాళంలో తీసిన ‘కళియాట్టం’ ఈ కథను ఉత్తర కేరళ తెయ్యం కళాకారుల మధ్యకు తీసుకువెళ్లింది. 2006 నాటి ‘ఓంకార’లో విశాల్ భరద్వాజ్ రుమాలును నడుముకు పెట్టుకునే నగగా, అంటే మన వడ్డాణంగా, మార్చారు. ఆ మార్పు వెనుక ఆలోచన ఉంది. రుమాలు పోతే మన దేశంలో ఏ భార్యా వణికిపోదు. అత్తింటివారు తరతరాలుగా దాచి కోడలికి పెట్టిన వడ్డాణం పోతే మాత్రం ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. మూలంలో వస్తువు బరువు ఎంతో, మన ఊళ్లో అంత బరువు తూగే వస్తువు ఏదో వెతకడమే అనుసరణలో సగం పని. ‘ఇదే కథ కూకట్‌పల్లిలోనో మలక్‌పేటలోనో జరిగితే ఆ వస్తువు ఏమవుతుంది?’ అని మీ బృందాన్ని అడిగి చూడండి. మా దగ్గర ఒకమ్మాయి ‘ఫోన్ పాస్‌వర్డ్’ అంది. దాన్ని మించిన జవాబు ఇంకా రాలేదు.

‘మాక్బెత్’లో వస్తువు బదులు జోస్యం ఉంటుంది. అడవి కదిలి కోట మీదికి వచ్చేదాకా నీకు ఓటమి లేదు, స్త్రీ గర్భాన పుట్టినవాడెవడూ నిన్ను చంపలేడు అన్న మాటలు అభయంలా వినిపించి చివరకు ఉరితాడవుతాయి. ఇది వినగానే తెలుగువారికి హిరణ్యకశిపుడు గుర్తుకు రాక తప్పదు. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద చావు వచ్చిన కథ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి వరంలోని కంత ఒక్కటే చూసి మాక్బెత్ అనకూడదు. ఇంటికి వచ్చిన అతిథిని చంపడం, ఆ పనికి భార్య పురికొల్పడం, ఆ తరువాత ఇద్దరికీ నిద్ర దూరం కావడం, ఈ మూడూ కలిసి ఉంటేనే అనాలి. అకిరా కురొసావా 1957లో జపాన్‌లో తీసిన ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’లో మంత్రగత్తెలు ముగ్గురూ పోయి రాట్నం తిప్పే ఒకే ఒక అడవి పిశాచం వచ్చింది. అయినా ఈ మూడు ముళ్లూ చెక్కుచెదరలేదు. విశాల్ భరద్వాజే తీసిన ‘మక్బూల్’లో మంత్రగత్తెల స్థానంలో జాతకాలు గీసే ఇద్దరు పోలీసులు ఉంటారు. ఓం పురి, నసీరుద్దీన్ షా ఆ పాత్రలు చేశారు. స్కాట్లండ్ అడవి బదులు ముంబయి సముద్రం ఇంటికి వస్తుందని జోస్యం చెబుతారు. ఆ సినిమాలో లేడీ మాక్బెత్‌కు సమానమైన నిమ్మీగా, ఆయనే తీసిన 2014 నాటి ‘హైదర్’లో హామ్లెట్ తల్లికి సమానమైన గజాలాగా నటించిన టబు హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారే. మన ఊరి ఆడపడుచు షేక్‌స్పియర్ రాణులిద్దరినీ ఒకే దర్శకుడి చేతిలో పోషించిందన్న సంగతి మా సమావేశాల్లో కనీసం రెండుసార్లు ప్రస్తావనకు వస్తుంది. కొంత గర్వం క్షమించవచ్చు.

మార్చిన చోట ఆగాలి

ముడి దొరికాక సగం పనే అయినట్టు. తీసుకున్నది ఎంతో తెలిశాక, మార్చినది ఏమిటో, ఎందుకో అడగాలి. దీనికి 1949లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ తీసిన ‘గుణసుందరి కథ’ను మించిన పాఠం తెలుగులో లేదని నా అభిప్రాయం. రచన పింగళి నాగేంద్రరావుది. ‘కింగ్ లియర్’ నుంచి స్ఫూర్తి పొందిందని అందరూ చెప్పే సినిమా ఇది.

నేను ఈ మాట మొదటిసారి ఇంట్లో అన్నప్పుడు మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. ‘ముగ్గురు కూతుళ్ల రాజు కథ మాకు చిన్నప్పుడే తెలుసు, చిన్నది నువ్వంటే ఉప్పంత ఇష్టం అంటుంది, రాజు వెళ్లగొడతాడు, తరువాత ఉప్పులేని కూర తిన్నాక తెలిసొస్తుంది’ అంది. ఆమె చెప్పింది నిజం. తండ్రి మీది ప్రేమను ఉప్పుతో కొలిచిన కూతురి కథ మన దేశంలోనే కాదు, చాలా దేశాల జానపదాల్లో ఉంది. లియర్ కథకూ అలాంటి కథలకూ చుట్టరికం ఉంది. అప్పుడు మళ్లీ ముడి దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. ‘గుణసుందరి కథ’లో ఉప్పు లేదు. కూతుళ్లు ముగ్గురూ తమ ప్రేమను మాటల్లో ప్రకటించాలి, పెద్దవారిద్దరూ తండ్రిని ఆకాశానికెత్తుతారు, చిన్నది మాత్రం ఆడదానికి పెళ్లయ్యాక భర్తే ముఖ్యమంటుంది. ఇప్పుడు ‘కింగ్ లియర్’ మొదటి అంకం మొదటి రంగం తెరిచి కార్డీలియా మాటలు చూడండి. అక్కలు తమ ప్రేమంతా తండ్రికే అంటున్నారే, మరి వాళ్లకు మొగుళ్లు ఎందుకు, నాకు పెళ్లయితే నా ప్రేమలో, బాధ్యతలో సగం నా భర్తతో వెళ్లిపోతుంది అన్న భావం అక్కడ ఉంది. చదివేవారు ‘ఏమీ లేదు’ అన్న ఆమె మొదటి జవాబు దగ్గరే ఆగిపోయి, తరువాత వచ్చే ఈ నాలుగు పంక్తులను దాటిపోతారు. తెలుగు కథ మొత్తం ఆ నాలుగు పంక్తుల మీదే నిలబడిందని నాకనిపిస్తుంది. కార్డీలియా భర్తకు సగం ఇస్తానంది, గుణసుందరి మొత్తం ఇచ్చేసింది. 1949 నాటి ప్రేక్షకులకు తండ్రిని ధిక్కరించే కూతురు మింగుడుపడాలంటే ఆమెను పతివ్రతను చేయడం ఒక్కటే దారి. పింగళి ఆ దారిని మూలంలోనే కనిపెట్టారు.

అక్కడి నుంచి సినిమా లియర్‌ను వదిలేసి జానపదం బాట పడుతుంది. కోపించిన రాజు కూతురిని దైవాధీనం అనే అవిటివాడికి కట్టబెడతాడు, అతను శాపగ్రస్తుడైన రాకుమారుడు, మహేంద్రమణి కోసం ప్రయాణాలు, చివరకు అందరూ సుఖంగా ఉంటారు. తుపానులో పిచ్చిగా తిరిగే లియర్, చేతుల్లో కూతురి శవం మోసుకొచ్చే లియర్ ఇందులో లేడు. దీన్ని చూసి కొందరు ‘మనవాళ్లు విషాదాన్ని భరించలేక పాడుచేశారు’ అంటారు. ఇంగ్లండ్‌వాళ్లూ భరించలేదని వారికి చెప్పాలి. నేహమ్ టేట్ 1681లో కార్డీలియాను బతికించి, ఆమెకు పెళ్లిచేసి, లియర్‌కు రాజ్యం తిరిగి ఇప్పించి తిరగరాశాడు. 1838లో నటుడు మాక్రెడీ అసలు పాఠాన్ని మళ్లీ వేదికెక్కించేదాకా, దాదాపు 150 ఏళ్లు లండన్ రంగస్థలం మీద ఎక్కువగా ఆడింది ఆ తిరగరాతే. సంస్కృత నాటక మర్యాదలో విషాదాంతానికి చోటు లేని మన భాషలో, ఆ కట్టుబాటును దాటి ‘విషాద సారంగధర’ రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులను ఇక్కడ తలచుకోవాలి. షేక్‌స్పియర్ తెలుగువారికి కథలకంటే ముందు ఇచ్చింది ఆ ధైర్యమే కావచ్చు. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను, ఆ తరువాత కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేశారు కూడా.

1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ మరో రకం పరీక్ష. ఇది ముందు కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ నుంచి వచ్చింది, చక్రపాణి దానికి ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ పోకడలు కలిపారు. నాటకంలో అక్క గయ్యాళి, చెల్లెలు నెమ్మదస్తురాలు. సినిమాలో అది తిరగబడి, నెమ్మది పెద్దమ్మాయి సావిత్రికి, పెంకితనం చిన్నమ్మాయి జమునకు వచ్చాయి. నాటకంలో ఒక ప్రేమికుడు మాస్టారి వేషంలో అమ్మాయి ఇంట్లో చొరబడతాడు, సినిమాలో ఎన్.టి. రామారావు పనివాడి వేషంలో గుండమ్మ ఇంట్లో చేరతారు. ముళ్లు దొరికాయి కదా! అయితే అసలు గయ్యాళి జమున కాదు, సూర్యకాంతం. ఆమె మెడలు వంచేది కూడా మొగుడు కాదు, తనను మించిన గయ్యాళి ఛాయాదేవి. మొగుడు పెళ్లాన్ని తిండి మాన్పించి దారికి తెచ్చే షేక్‌స్పియర్ కథ ఈ రోజు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. చక్రపాణి ఆ బరువును సగం అత్తలూ పిన్నుల కయ్యంలోకి మళ్లించడం వల్లే సినిమా ఇంకా నవ్విస్తోంది.

మార్పు చాలా చిన్నదైనా వదలకండి. ‘హైదర్’ చివర కథానాయకుడు పినతండ్రిని చంపకుండా వదిలేస్తాడు. అంతకుముందు అతని తల్లి తెలిసే చేసిన ప్రాణత్యాగం, హామ్లెట్ తల్లి తెలియక తాగిన విషం, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి గంటసేపు మాట్లాడుకోవచ్చు.

మాటను మన నోట పలికించడం

బృందంలో ఇంగ్లిషు గట్టిగా రానివారు ఉంటే సంకోచించనివ్వకండి. హైదరాబాద్‌కు ఉన్న వరం ఇదే: ఒకే గదిలో తెలుగు, దక్కనీ, ఇంగ్లిషు మూడూ దొరుకుతాయి. ఒక ముఖ్యమైన వాక్యాన్ని తీసుకుని ఎవరి భాషలో వారు పలకాలి. మా దగ్గర ఎప్పుడూ మొదట ఇచ్చే వాక్యాలు లేడీ మాక్బెత్‌వి. మూడో అంకంలో ఆమె భర్తను సముదాయిస్తూ జరిగిందేదో జరిగిందంటుంది. ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ, లేని రక్తాన్ని చేతుల నుంచి కడుక్కుంటూ దాదాపు అదే మాట అంటుంది, కానీ ఇప్పుడు అర్థం చేసినది చెరగదని. మొదటిదాన్ని పాతబస్తీ మిత్రుడు ‘హోగయా సో హోగయా’ అన్నాడు, అతికినట్టు సరిపోయింది. రెండోదానికి అదే మాట వాడితే భయం పోయి ఓదార్పు వస్తుంది. ‘కడిగితే పోయేది కాదు’ అని ఒకావిడ తెలుగులో అన్నప్పుడు గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అనుసరణ చేసే దర్శకుడు పడే కష్టం ఏమిటో ఆ రెండు వాక్యాలతో తెలిసివస్తుంది.

ఏర్పాట్లు

ఇంట్లో టీవీలో చూసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోటనో, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లోనో బయటివారిని పిలిచి ప్రదర్శించాలంటే సినిమా హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. షేక్‌స్పియర్ నాటకాలపై ఎవరికీ హక్కులు లేవు. మన దేశంలో సినిమాకు హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది కనుక, ‘గుణసుందరి కథ’కు 2009తో, ‘గుండమ్మ కథ’కు 2022తో ఆ గడువు తీరింది. అయితే పాటల సాహిత్యానికి లెక్క వేరు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కించాలి. పింగళి 1971లో మరణించారు కనుక ఆయన పాటల విషయంలో జాగ్రత్త అవసరం.

క్రమం విషయానికి వస్తే, ముందు సినిమా, తరువాత నాటకం, ఆ తరువాత ఎంచుకున్న రెండు మూడు సన్నివేశాలు మళ్లీ. నాటకం ముందు చదివితే సినిమా చూసేటప్పుడు తేడాలు లెక్కపెట్టడమే తప్ప కథలో లీనం కావడం ఉండదు. ల్యాంబ్ కథ కూడా ముందుగా చెప్పకండి. నాటకాన్ని పాత్రలు పంచుకుని గట్టిగా చదవాలి, మౌనంగా చదివితే సగం హాస్యం పోతుంది. నోట్సు పుస్తకంలో మూడు నిలువు గడులు గీసుకుంటే చాలు: తీసుకున్న ముడి, మార్చిన చోటు, తేలనిది. మూడో గడి ఖాళీగా ఉంటే తొందరపడ్డారన్నమాట. మా పుస్తకంలో ఆ గడిలో ‘మరోచరిత్ర’ పేరు నాలుగేళ్లుగా అలాగే ఉంది, నేను ఎంత వాదించినా ఇద్దరు ఒప్పుకోలేదు.

సభ్యులు ఎనిమిది మంది ఉంటే హాయిగా సాగుతుంది. పన్నెండు దాటితే పాత్రల పంపకం దగ్గరే గంట గడిచిపోతుంది, అందరికీ లేడీ మాక్బెత్ కావాలి. మొదటి ఆదివారానికి ‘అంగూర్’, దాని వెంట ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ పెట్టుకోండి. నౌకర్ల పాత్రలు రెండూ ఒక్కరికే ఇచ్చి చదివించండి. నాలుగో పేజీకల్లా తాను ఏ కవలో ఆ చదివేవారికే తెలియకుండా పోతుంది.